ఐదు నిమిషాలు వదిలిన నీళ్ళు

రిటైరవడానికి ఇంకా పందొమ్మిది రోజులున్నాయనగా, కార్డు మేడమ్ చెప్పిన మాట ప్రభుత్వం మొట్టమొదటిసారి విన్నది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చెబుతూనే ఉంది. బడి పక్కన పురుగుమందుల గోడౌను పెట్టొద్దంది, పెట్టారు. రంగుల కార్ఖానా నీళ్ళు వాగులోకి వదలొద్దంది, వదిలారు. కొలిచి చూడండి, లెక్క చూసి నిర్ణయించండి అని ఒక్కో ఆఫీసు మెట్లూ కాళ్ళరిగేలా ఎక్కి దిగింది. ఎక్కడికెళ్ళినా మర్యాదకేం లోటు లేదు. కుర్చీ వేశారు, టీ ఇప్పించారు, రిపోర్టు రెండు చేతులతో అందుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువాలన్నీ ఒకచోట చేరిస్తే చిన్న కాలనీ అవుతుందని ఆవిడే నవ్వుతూ అనేది. ఈ మధ్య ఆ జోకు వేసే ఓపిక కూడా పోయింది.

అలాంటిది మొన్న నీటి భద్రత కమిటీ కార్యదర్శి స్వయంగా ఫోన్ చేశాడు. "మీ రిపోర్టు ప్రకారమే వెళ్తున్నాం మేడమ్. ఒక్క అక్షరం మార్చం."

ఆ రిపోర్టు పాత బడుల గురించి. వాటిలో చాలావాటికి ఇప్పటికీ సీసపు గొట్టాలే ఉన్నాయి. వాటిని తీసేసి కొత్తవి వేసే పథకం ఒకటి ఏళ్ళ తరబడి సాగుతూ ఆగుతూ ఉంది. అది ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ప్రశ్న. ఇరవై రెండేళ్ళలో బడుల కుళాయిల నుంచి తీసిన శాంపిళ్ళు పదకొండు వేల పైచిలుకు. దాదాపు అన్నిటిలోనూ సీసం పరిమితిలోపే. అదే మాట ఆవిడ రిపోర్టులో రాసింది. లేని ప్రమాదాన్ని లేదని చెప్పడం కూడా సైన్సే కదా. అయితే ఇక గొట్టాలు మార్చక్కర్లేదు, పథకం మూసేద్దాం అన్నారు వాళ్ళు. వచ్చే గురువారం కమిటీలో సంతకాలు.

ఇక కార్డు సంగతి. నీళ్ళ శాంపిలు తీసే ప్రతివాడి మెళ్ళోనూ ప్లాస్టిక్ తొడుగులో ఒక పసుపు కార్డు వేలాడుతుంటుంది. దాన్ని రాసింది ఆవిడే. అంతకుముందు సూక్ష్మజీవుల పరీక్షకి ఒక కాగితం, లోహాల పరీక్షకి ఒక కాగితం ఉండేవి. రెండూ చదివి, రెండూ కలగలిపి, శాంపిలు తీసేవాళ్ళు నానా తంటాలు పడేవాళ్ళు. వాళ్ళ అవస్థ చూడలేక ఆవిడ రెండిటినీ కలిపి ఏడు వాక్యాల కార్డు చేసింది. పైన "ఉమ్మడి సూచనలు" అని పేరు. మొదటి సూచన: కుళాయి తిప్పి ఐదు నిమిషాలు నీళ్ళు వదలండి. దానికి బహుమతి కూడా వచ్చింది. చేతిలో ఫలకం పట్టుకుని, అప్పటికింకా నల్లగానే ఉన్న జుట్టుతో ఆవిడ నిలబడ్డ ఫొటో గోడమీద ఇప్పటికీ ఉంది. ఆ రోజునుంచే కార్డు మేడమ్ అయింది.

సోమవారం పదకొండింటికి ఆవిడ గదిలోకి గడియారం వచ్చాడు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంటుందిగానీ ఆఫీసులో అందరికీ అతను గడియారమే. కుళాయి తిప్పి, ఎడమచేతి వాచీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఐదు నిమిషాలు నిండేదాకా రెప్ప వాల్చని మనిషి. ఎవరు పలకరించినా బదులివ్వడు. వానొచ్చినా కదలడు.

"అమ్మా, నాకు మెమో వచ్చింది" అన్నాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా. నాకు మెమోనా?"

కాగితం అందుకుంది. శాంపిలు తీసేముందు ఐదు నిమిషాలు నీళ్ళు వదలనందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు. కింద సంతకం ఆవిడదే. రోజుకి యాభై కాగితాల మీద పెట్టే సంతకం, ఎవరి మీద పెడుతున్నానో చూసే ఓపిక ఎప్పుడో పోయింది.

"కూర్చోవయ్యా. నువ్వు వదలకపోవడమేంటి?"

"స్టేషన్ రోడ్డు బడమ్మా. ముందురోజు సెలవు. పొద్దున్నే ఏడింటికి వెళ్ళాను. మోటారు కాలిపోయిందట, ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి. కుళాయి మీద చెయ్యి వేశానో లేదో హెడ్‌మిస్ట్రెస్ వచ్చి ఇంతెత్తున లేచింది. పిల్లలు గుక్కెడు నీళ్ళకోసం నిలబడితే ఐదు నిమిషాలు పారబోస్తావా, నీకు బుద్ధుందా అని. సరేలెమ్మని మొదటి నీళ్ళే పట్టాను. సీసా మీద 'వదల్లేదు' అని నేనే రాశాను. అబద్ధం రాసుంటే ఈ మెమో వచ్చేదే కాదు."

ఆవిడ ఫైలు తిప్పింది. ల్యాబ్ కాగితం దొరికింది. సీసం పరిమితి లీటరుకి పది మైక్రోగ్రాములు. ఈ శాంపిల్లో అరవై నాలుగు. దానిమీద ఎర్ర సిరాతో అడ్డగీత: విధానం పాటించలేదు, రిజెక్టు.

"అందుకేగా రిజెక్టు చేసేది" అంది ఆవిడ, ఎన్నోసార్లు చెప్పిన పాఠమే కాబట్టి ఆలోచించకుండానే. "నిలవున్న నీళ్ళు పడితే రీడింగు తప్పొస్తుంది."

గడియారం తల గోక్కున్నాడు. "తప్పెలా అవుతుందమ్మా? నా వెనకాలే లైను కట్టారు. నా సీసా తియ్యగానే ఒక పిల్ల తన బాటిలు పెట్టింది. అవే నీళ్ళు. తాగేసింది కూడా."

ఆవిడ ల్యాబ్ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని ఆ అరవై నాలుగు వైపు చూసింది.

గది మూల సింకు దగ్గర కుళాయి ఎప్పటిలాగే బొట్టు బొట్టు కారుతోంది. ఆవిడ గడియారం మెళ్ళోంచి కార్డు తీయించుకుని బల్లమీద పెట్టి, తను రాసిన ఏడు వాక్యాలూ కొత్తగా ఎవరో రాసినట్టు చదివింది. ఐదు నిమిషాలు నీళ్ళు వదలడం సూక్ష్మజీవుల పరీక్షకి సరైనదే. అక్కడ చూడాల్సింది ఊరి నీళ్ళు, కుళాయి మూతికున్న మురికి కాదు. కానీ సీసం ఊరి నీళ్ళలో ఉండదు. బడి గోడలోని గొట్టంలో ఉంటుంది. రాత్రంతా కదలకుండా ఆ గొట్టంలో ఉన్న నీళ్ళలోకే అది దిగుతుంది. ఐదు నిమిషాలు వదిలితే ఆ నీళ్ళన్నీ కాలవలో పోతాయి, వెనక నుంచి వచ్చిన శుభ్రమైన నీళ్ళు సీసాలోకి వస్తాయి. ఈ సంగతి ఆవిడకి తెలియక కాదు. చదువుకునే రోజుల్లోనే తెలుసు. రెండు కాగితాలు ఒకటి చేసిన ఆ మధ్యాహ్నం, అందరికీ సులువుగా ఉండాలన్న హడావిడిలో, ఒక పరీక్షకి చెందిన వాక్యాన్ని అన్నిటికీ పైన పెట్టేసింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే కార్డు రాసింది కార్డు మేడమ్.

"మెమో సంగతి రేపు చూస్తాను, వెళ్ళిరా" అని మాత్రం అంది.

మధ్యాహ్నం రికార్డు గదికి వెళ్ళింది. అక్కడ రిజెక్టు రిజిస్టర్లుంటాయి. పనికిరావని కొట్టేసిన శాంపిళ్ళ చిట్టా. దాన్ని ఎవరూ తెరవరు, కొట్టేసినవాటితో ఎవరికేం పని? ఆవిడ స్టూలు లాక్కుని, దుమ్ముకి తుమ్ముకుంటూ, సాయంత్రం దాకా కూర్చుని పేజీలు తిప్పింది. "నీళ్ళు వదల్లేదు" అన్న కారణంతో కొట్టేసిన సీసం శాంపిళ్ళు అరవై మూడు తేలాయి. అందులో నలభై ఎనిమిదింటిలో సీసం పరిమితి దాటింది. కొన్నిట్లో రెండింతలు, కొన్నిట్లో ఆరింతలు. ప్రతి వరస చివరా ఆవిడ పొట్టి సంతకం ఉంది. అరవై మూడుసార్లు నిజం ఆవిడ బల్లమీదికి వచ్చింది, అరవై మూడుసార్లూ ఆవిడే బుట్టదాఖలు చేసింది.

ఆ అరవై మూడింటిలో పందొమ్మిది ఒక్కడు తీసినవే. గడియారం బావమరిది. అతన్నీ గడియారమే ఈ పనిలో పెట్టించాడు. ఐదు నిమిషాలు నిలబడలేక, కుళాయి తిప్పగానే సీసా నింపి సైకిలెక్కేసేవాడట. చూసి చూసి సొంత బావే పట్టించాడు, దాంతో ఆ శాంపిళ్ళన్నీ కొట్టేశారు. రెండు మెమోల తర్వాత తొమ్మిదేళ్ళ కిందట ఉద్యోగం ఊడింది. ఆ ఉత్తర్వు మీదా సంతకం ఆవిడదే.

మంగళవారం పొద్దున రిజిస్టర్లు చంకన పెట్టుకుని కార్యదర్శి గదికెళ్ళింది. అతను చెడ్డవాడేం కాదు. ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్న, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళు, బల్లమీద సగం తాగి వదిలేసిన టీ కప్పులు. ఆవిడ చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు.

"మేడమ్, సైన్సు సైన్సు అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది మీరు. విధానం లేని శాంపిలు శాంపిలే కాదని నాకు నేర్పిందీ మీరే. ఇప్పుడు పదకొండు వేలు పక్కనపెట్టి అరవై మూడు రిజెక్టులు చూడమంటున్నారు."

"ఆ పదకొండు వేలూ తప్పు నీళ్ళవి."

"నాకర్థమైంది. కమిటీలో ఎంతమందికి అర్థమవుతుంది? రేపు పేపరువాళ్ళకి?" టీ కప్పు పక్కకి జరిపాడు. "ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. గురువారం మీరు సంతకం పెట్టేయండి. పందొమ్మిది రోజులు, కాదు, పద్దెనిమిది. దండ వేయించుకుని హాయిగా ఇంటికెళ్ళండి. వచ్చే ఏడు మేమే కార్డు మార్చేస్తాం. మామూలు సవరణ అని ఒక లైను. ఎవరికీ ఏమీ తెలియదు. మీ పేరు చెడదు."

"మరి గొట్టాలు?"

"పథకం మూసేశాక మళ్ళీ తెరవాలంటే..." అతను కాసేపు నీళ్ళు నమిలాడు. "చూద్దాం మేడమ్."

ఆ 'చూద్దాం' ఎంత దూరం పోతుందో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడకి తెలుసు. అయినా వాదించలేదు. సిగ్గుపడాల్సిన మాటేగానీ, ఆ క్షణాన ఆవిడకి అతని మీద కోపం రాలేదు, ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆలోచిస్తానని చెప్పి రిజిస్టర్లు మళ్ళీ చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి చెల్లెలు వరండాలో కుట్టుమిషను ముందు ఎవరిదో జాకెట్టు చేతులు విప్పుతోంది. ఇద్దరూ పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. పెద్దామె ఊరి నీళ్ళ గురించి బెంగపడితే చిన్నామె పెద్దామె మోకాళ్ళ గురించి బెంగపడుతుంది.

అంతా విని చెల్లెలు దారం పళ్ళతో కొరికింది. "ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? ఎలాగూ మారుస్తామన్నాడుగా. నువ్వు రాసింది తప్పని నువ్వే ఊరంతా దండోరా వేసుకుంటావా?"

"పిల్లలే ఆ నీళ్ళు తాగేది."

"తాగి ఎవరికేమైంది? ఒక్కళ్ళయినా ఆసుపత్రిలో పడ్డారా?"

"పడరు. సీసం అలా చెయ్యదు." ఆవిడ చెప్పులు విప్పి గోడకి ఆనుకుని కూర్చుంది. "జ్వరం రాదు, కడుపునొప్పి రాదు. పిల్లాడికి చదువు ఒంటబట్టదు. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. ఊరికే చిరాకు పడతాడు. మొద్దు అంటారు, సోమరి అంటారు. వెయ్యిమంది పిల్లల్ని తీసుకుంటే తేడా లెక్కలో కనపడుతుంది. ఒక్క పిల్లాణ్ణి నిలబెట్టి, ఇది సీసం వల్లే అని నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

"అయితే రేపు ఎవరొచ్చి నిన్ను అడుగుతారు?"

"ఎవరూ అడగరు."

చెల్లెలు మిషను తొక్కబోయి ఆగింది. "అక్కా, నీ మొహం చూసుకున్నావా అద్దంలో? ఇంక చాల్లే. ఒక్క సంతకం పెట్టి ఇంటికి రా."

అలాగే అన్నట్టు తలూపింది ఆవిడ. నిజంగానే ఆ సాయంత్రానికి ఆవిడ మనసులో సంతకం పడిపోయింది. అలసట మనిషిని ఎంత తేలిగ్గా ఒప్పిస్తుందో అలసినవాళ్ళకే తెలుసు.

బుధవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే ముందు గడియారాన్ని పిలిపించింది. కనీసం ఈ ఒక్కడి సంగతైనా చక్కబెట్టి పోదామనుకుంది. మెమో రద్దు చేసే కాగితం అరపేజీ. నంబరు, తేదీ, పేరు, కారణం. కారణం దగ్గర ఆఫీసంతా వాడే మాటే రాసింది: మానవతా దృక్పథంతో రద్దు చేయడమైనది.

గడియారం దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

"వద్దమ్మా."

"వద్దేంటయ్యా? మెమో పోయింది, ఇంకేం కావాలి?"

"దయతలచి కొట్టేశారంటే నేను తప్పు చేశాననేగా. నేనేం తప్పు చేశానమ్మా? నీళ్ళు లేవు, వదల్లేదు, వదల్లేదనే రాశాను. చర్య తీసుకుంటే తీసుకోండి, సర్వీసులో ఈ దయ మాత్రం ఉండకూడదు." అని, కాస్త తగ్గి, "మొన్న మీరు కార్డు చూసి అలా కూర్చుండిపోయారు. నాకు సైన్సు రాదుగానీ మనిషి మొహం తెలుస్తుంది. ఆ కార్డులో ఏదో ఉంది, కదమ్మా?" అన్నాడు.

ఆవిడ చెప్పేసింది. చెప్పాలని పిలవలేదు. అడిగినవాడు ఎదురుగా నిలబడితే దాచే బలం లేకపోయింది. ఊరి నీళ్ళు, గొట్టం నీళ్ళు, ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుందో అన్నీ చెప్పింది.

గడియారం వాచీ ఉన్న చెయ్యి కుడిచేత్తో పట్టుకున్నాడు.

"రోజుకి ఆరు కుళాయిలమ్మా, ఇరవై రెండేళ్ళు" అన్నాడు. "ఎండైనా వానైనా ఒక్క నిమిషం తగ్గించలేదు. అంటే, చూడాల్సిన నీళ్ళన్నీ నా చేత్తో నేనే కాలవలో పోశాను."

"నువ్వు పొయ్యలేదయ్యా. నేను పోయించాను."

ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ మొదటి కాగితం చింపి ఇంకోటి తీసుకుంది. కారణం దగ్గర ఇలా రాసింది: ఇతను తీసిన శాంపిలే సరైనది. కార్డులోని మొదటి సూచన సీసం పరీక్షకు తప్పు. దాని వల్ల ఇరవై రెండేళ్ళ ఫలితాలు నమ్మదగినవి కావు. సూచన రాసింది నేను. తప్పు నాది. సంతకం పెట్టి, ముద్ర వేసి, రూలు ప్రకారం మూడు కాపీలు తీయించింది. కార్డుకి సంబంధించిన ఏ ఉత్తర్వైనా ఒక కాపీ కమిటీకి పోవాలి. ఆ రూలు పెట్టించిందీ ఒకప్పుడు ఆవిడే. మనసు మళ్ళీ మారేలోపే డిస్పాచి గుమాస్తా చేతిలో పెట్టేసింది.

గురువారం కమిటీ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవిడ రిజిస్టర్లలోంచి నలభై ఎనిమిది వరసలూ చదివింది, ప్రతి వరస చివరా సంతకం ఎవరిదో కూడా చదివింది. ఒకాయన అయితే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారన్నాడు. ఇంకొకాయన ఈ కొత్త లెక్క మాత్రం తప్పుకాదని గ్యారంటీ ఏమిటన్నాడు. దానికావిడ, కొత్త లెక్క ఇంకా లేదండీ, పొద్దున్నే మొదటి నీళ్ళు పట్టి చూస్తేనే వస్తుంది, పట్టించండి అంది. కార్యదర్శి తలెత్తకుండా రాసుకుంటూ పోయాడు. చివరికి పథకం మూసే నిర్ణయం ఆగింది. గొట్టాలు మార్చే నిర్ణయమూ కాలేదు. అన్ని పాత బడుల్లోనూ మూడు నెలల్లో కొత్త శాంపిళ్ళు తియ్యాలన్నారు, ఆవిడ మీద విచారణకి ఒక అధికారిని వేశారు. మర్నాడు పేపర్లో వార్తొచ్చింది. ఆఫీసులో వీడ్కోలు సభకి అడిగిన హాలు ఆ రోజు ఖాళీ లేదన్నారు. గోడమీద ఫొటోని ఎవరూ తీయమనలేదుగానీ ఆవిడే దించి బీరువా వెనక పెట్టింది. గెలిచినట్టు అనిపించలేదు, ఓడినట్టూ అనిపించలేదు. పడుకుంటే బావుండుననిపించింది.

శనివారం గడియారం మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మా బావమరిదికి కూడా ఒక కాగితం రాసిస్తారా అమ్మా? వాడి మొహం చూసి తొమ్మిదేళ్ళయింది. మా ఆవిడ ఇప్పటికీ తమ్ముడి పేరెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఊరికే వెళ్ళలేను. కాగితం ఉంటే వెళ్తాను."

రాసిచ్చింది. రాసి, "నేనూ వస్తాను" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. స్టేషను వెనక సందులో రెండు గదుల ఇల్లు. బావమరిది ఇప్పుడొక ఫర్నిచర్ దుకాణంలో వాచ్‌మన్. బనియనుతో గుమ్మంలో కూర్చుని రేడియో బాగుచేస్తున్నవాడల్లా బావని చూసి గబుక్కున లేచాడు. ఏమనాలో తెలియక రేడియో అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, బావున్నావా?" అన్నాడు గడియారం నేల చూస్తూ.

"ఆఁ. రా బావా."

లోపల కుర్చీలు వేశాడు. కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటినుంచి చదివాడు. చదివి ఇబ్బందిగా నవ్వాడు.

"మేడమ్, ఉన్నమాట చెప్పనా? నేను సరిగ్గా తీశానని రాశారుగానీ, నాకంత తెలివెక్కడిది? నిలబడలేక తీశానండి. ఐదు నిమిషాలంటే కాళ్ళు లాగేవి. బావ నన్ను సోమరి అన్నాడు, నిజమే అన్నాడు."

గడియారం నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరేయ్, నీ బద్ధకమే నయం రా నా గడియారం కంటే" అన్నాడు.

ఆ తర్వాత కాస్త తేలికపడింది గది. అక్క ఎలా ఉందని ఇతను అడిగాడు, పిల్లలెలా ఉన్నారని అతను అడిగాడు. కాగితం మడత పెడుతూ బావమరిది ఆగి, "ఇందులో స్టేషన్ రోడ్డు బడి అని ఉంది. నాలుగుసార్లు ఎక్కువొచ్చిందని. ఏమిటి మేడమ్ ఎక్కువొచ్చింది?" అన్నాడు.

"సీసం."

"అదుంటే ఏమవుతుంది?"

ఎన్నో సభల్లో చెప్పిన విషయం. ఈ రెండు గదుల ఇంట్లో చెప్పడం వేరు. అయినా చెప్పింది. చెల్లెలికి చెప్పిన మాటలే, ఇంకా చిన్న చిన్న మాటల్లో.

అతను వింటూ వింటూ లోపలి గది వైపు చూశాడు.

"మా అమ్మాయి అక్కడే చదివింది" అన్నాడు. "ఐదేళ్ళు. లెక్కలు ఎంత చెప్పినా ఎక్కేవి కావు. పొద్దున నేర్చుకుంది సాయంత్రానికి మర్చిపోయేది. ఏడో క్లాసులో మానిపించేశాం. మొద్దుమొహమా అని తిట్టేవాణ్ణి. కొట్టాను కూడా." ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు. "దాని వల్లేనా మేడమ్?"

ఔనంటే అతని మీదున్న బరువు కొంత దిగుతుంది. కాదంటే ఆవిడ మీదున్నది దిగుతుంది. ఆవిడకి తెలిసిన సైన్సు రెండిట్లో ఏదీ అననివ్వదు.

"చెప్పలేను నాయనా" అంది. "దాని వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

అతను తలూపాడు. అర్థమై ఊపాడో, చదువుకున్నవాళ్ళు ఇంతేలే అని ఊపాడో తెలియలేదు.

అంతలో లోపలినుంచి ఆ అమ్మాయే వచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయి. బిగించి అల్లిన జడ, చేతిలో పళ్ళెం, దానిమీద రెండు గ్లాసుల నీళ్ళు. ఒలకకుండా పళ్ళెం మీదే చూపు నిలిపి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. "మావయ్యా, అత్త రాలేదా?" అని నవ్వింది.

ముగ్గురూ గ్లాసుల వైపే చూస్తున్నారు. తండ్రి ఏదో అడగబోయి, కూతురి మొహం చూసి మానుకున్నాడు. ఆ పిల్లకి ఏమీ అర్థం కాక, తనేదో తప్పు చేశాననుకున్నట్టుంది, నవ్వు ఆపేసి, "ఇప్పుడే కుళాయి నుంచి పట్టానండీ, చల్లగానే ఉన్నాయి" అంది.

ఆవిడకి దాహంగా లేదు. చెయ్యి చాచి గ్లాసు అందుకుంది. మొత్తం తాగి, "బావున్నాయమ్మా" అని ఖాళీ గ్లాసు ఆ అమ్మాయి చేతికిచ్చింది.